ఇనప పెనం మీద మిరపకాయ

దయ్యాలు, గాలి, ధూళి అంటే నాకు మొదటి నుంచీ ఒళ్లుమంట. నేను నర్సుని. దాచేపల్లి ఆసుపత్రిలో ఎన్ని చావులు చూశానో లెక్క లేదు. పోయినవాళ్ల పక్కనే స్టూలు వేసుకుని టీ తాగిన దాన్ని. ఒక్కరూ లేచి పలకరించలేదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుని వచ్చినవాళ్లకు రక్తం పరీక్ష చేస్తే మలేరియా అని తేలేది. అందుకని మీరు దీన్ని నమ్మాలని నేను అడగను. జరిగింది జరిగినట్టు చెప్పడం వరకే నా పని.

మా ఆయన పేరు వెంకటేశ్వర్లు. సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు. మాకు పిల్లలు లేరు. ఎనభైల మొదట్లో ఆ ఫ్యాక్టరీలో కొత్త మిషను బిగించడానికి జపాను ఇంజనీర్లు వచ్చారు. పని మధ్యలో వాళ్లు ఏదో సామాను కోసం మద్రాసు వెళ్తూ మా ఆయన్ని కూడా వెంట తీసుకెళ్లారు. అక్కడ ఒక పెద్ద హోటల్లో తమ దేశపు భోజనం పెట్టించారు.

ఆ భోజనం గురించి ఆయన చెప్పని రోజు లేదు. మంచమంత ఇనప పెనమట. దాని చుట్టూ కుర్చీలట. వంటవాడు మన ఎదురుగా నిలబడి వండి, వేడివేడిగా మన ముందుకు తోస్తాడట. కత్తులు గాల్లోకి ఎగరేసి పట్టుకుంటాడట. ఉల్లిపాయ చక్రాలు గోపురంలా పేర్చి అందులోంచి మంట లేపుతాడట. ఇంత చేసీ తిండి మాత్రం చప్పగా ఉందట. దాంతో మా ఆయన జేబులోంచి ఎండుమిరపకాయలు తీసి ఆ పెనం మీద పడేశాడట. హాలంతా ఒకటే దగ్గులట.

జేబులో మిరపకాయలు ఉన్న మాట నిజమే. ఏ ఊరు వెళ్లినా కాగితంలో చుట్టుకుని వెళ్లేవాడు. ఇంట్లో కూడా మధ్యాహ్నం అన్నానికి కూర్చునే ముందు తనే పెనం మీద రెండు కాల్చుకునేవాడు. తొడిమ ఉంచి, కొస మాత్రం గోటితో తుంచేవాడు. తుంచకపోతే పేలి గింజలు కళ్లలో పడతాయనేవాడు. మిరపకాయలు పండే మా వైపు కూడా ఇంకెవరూ అలా చేయడం నేను చూడలేదు.

హాలంతా దగ్గారన్నది మాత్రం కోతలే అనుకుని నవ్వేదాన్ని. "నవ్వవే, నవ్వు. నిన్నొకసారి తీసకపోయి ఆ కుర్చీలో కూర్చోబెడతా. అప్పుడేమంటావో చూస్తా" అనేవాడు. సాక్ష్యంగా ఆ హోటలు పేరున్న అగ్గిపెట్టెను వంటింటి గూట్లో పెట్టాడు. పుల్ల గీయనిచ్చేవాడు కాదు.

ఒక ఎండాకాలం ఆయన ఫ్యాక్టరీ గేటు దగ్గర కూలబడ్డాడు. ఆసుపత్రికి తెచ్చేసరికి నాడి లేదు. చూసింది నేనే.

పెద్దదినం నాడు నాగులేటి ఒడ్డున పిండం పెట్టారు. కాకి రాలేదు. కాకి ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని మావాళ్ల నమ్మకం. అప్పుడు చుట్టాలు ఒక్కొక్కరూ పిండం ముందు నిలబడి, ఫలానాది చేస్తామని మాటివ్వాలి. ఆయన అన్నలు ఏవేవో మాటలిచ్చారు. కాకి చెట్టు మీదే కూర్చుని ఉంది. ఎండ మాడిపోతోంది. మా ఆడబిడ్డ రత్తమ్మ నా భుజం పట్టుకుని ఊపింది.

"ఏమే కోటేశ్వరీ, వాడు ఆకలితో నిలబడి ఉంటే అట్టా గుడ్లప్పగించి చూస్తావేందే? వాడి మనసులో ఏముందో నీకు గాక ఎవురికి తెలుసు?"

నాకు విసుగొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. "సరేనయ్యా, నీ మద్రాసు హోటలుకు పోయి, ఆ పెనం దగ్గర కూర్చుని తింటాను. ఇంక రా" అన్నాను. కాకి దిగి వచ్చి ముద్ద ముట్టింది. అందరూ దండం పెట్టారు. కాకికీ ఆకలి వేసి ఉంటుందని నేను అనుకున్నాను.

ఆ తర్వాత ఇంట్లో ఒక విచిత్రం మొదలైంది. డ్యూటీ లేని రోజుల్లో, మధ్యాహ్నం నేను కంచం పెట్టుకునే వేళకు, కాలిన మిరపకాయల ఘాటు వచ్చేది. పొయ్యి మీద ఏమీ ఉండేది కాదు. పక్కింట్లో లారీ మెకానిక్కు భార్య ఖాసింబీ ఉండేది. ఆమెను అడిగితే, "మేమియ్యాల పొయ్యే ముట్టించలా అక్కా. నేనూ దగ్గతానే ఉండా" అంది. మిరప కళ్లాల మీంచి గాలి వీస్తోందని సర్దిచెప్పుకున్నాను. అది కళ్లాల కాలం కాదని నాకు తెలుసు. అయినా ఆ ఘాటుకు దగ్గుకుంటూ తింటుంటే, ఒక్కదాన్నే ఉన్నానన్న బాధ కొంచెం తగ్గేది. ఈ సంగతి ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

రెండేళ్లు అలా గడిచాయి. నేను మద్రాసు వెళ్లింది కాకికిచ్చిన మాట కోసం కాదు. ఆయన అంతగా చెప్పిన చోటు ఎట్లా ఉంటుందో ఒక్కసారి చూడాలనిపించింది, అంతే. కళ్లు చూపించుకోవాలని ఆసుపత్రిలో అబద్ధం చెప్పి, గూట్లో అగ్గిపెట్టె సంచిలో వేసుకుని, గుంటూరులో రైలెక్కాను.

హోటలు చల్లగా, చీకటిగా ఉంది. మిట్టమధ్యాహ్నమే లైట్లు వేశారు. పెనం నిజంగానే మంచమంత ఉంది. దాని చుట్టూ అన్నీ ఖాళీ కుర్చీలు. అవతలి కొసన మాత్రం ఒక సేటు దంపతులు కూర్చున్నారు. నేను ఒక కుర్చీలో కూర్చుని, ఎడమ పక్క కుర్చీ మీద సంచి పెట్టబోయి, ఎందుకో ఒళ్లోనే పెట్టుకున్నాను. ఇంట్లో ఆయన ఎప్పుడూ నాకు ఎడమ పక్కనే కూర్చునేవాడు.

ఆ తిండి గురించి చెప్పాలంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. వంటవాడు ఆవలిస్తూ వచ్చాడు. కత్తి ఎగరెయ్యలేదు సరికదా, మా మొహాలు కూడా చూడలేదు. ఉల్లిపాయ గోపురం పేర్చాడు గానీ మంట రాలేదు, పొగ వచ్చి ఊరుకుంది. రొయ్యలు రబ్బరులా సాగాయి. వాటి మీద తియ్యటి పులుసేదో పోశాడు. అన్నం ముద్దగట్టి ఉంది, ఉప్పు లేదు. చెంచా బదులు ఇచ్చిన రెండు పుల్లలతో తినడం రాక చేత్తో తింటుంటే సేటుగారి భార్య మొహం తిప్పుకుంది. వడ్డించే మనిషి నెల్లూరు వైపు వాడు. కాస్త కారం ఉందా బాబూ అంటే, ఈ వంటశాలలో కారం పెట్టరమ్మా అన్నాడు.

దీనికోసమా ఇంత దూరం వచ్చాను అనిపించింది. ఆయన మీద కోపం వచ్చింది. మంటలు లేపే వంటవాడు దొరికినప్పుడు ఆయన తిని వెళ్లిపోయాడు. నాకు ఈ ఆవలింతల వాడు, ఈ ఖాళీ కుర్చీలు మిగిలాయి. ఒక్కదాన్నే కూర్చుని చప్పటి అన్నం మింగాను. నువ్వు తీసుకురావలసిన చోటుకు నేనొక్కదాన్నే వచ్చాను కదయ్యా అని మనసులో అనుకున్నాను.

వంటవాడు పెనం తుడిచి లోపలికి వెళ్లాడు. ముందు సేటుగారు దగ్గారు. తర్వాత ఆయన భార్య. తర్వాత వెనక బల్లల వాళ్లు. నాకు ముక్కు మండి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ ఘాటు నాకు కొత్త కాదు. హాలంతా దగ్గుతోంది.

పెనం మీద, నా ఎడమ పక్క ఖాళీ కుర్చీకి ఎదురుగా, ఒక ఎండుమిరపకాయ నల్లగా కాలుతోంది. తొడిమ ఉంది. కొస తుంచి ఉంది.

మేనేజరు వచ్చి నేనే వేశానన్నాడు. సంచి దులిపి చూపించాను. తువ్వాలు, కళ్లద్దాల పెట్టె, రైలు టికెట్టు, అగ్గిపెట్టె తప్ప ఏమీ లేవు. నెల్లూరు మనిషి మేనేజరుకు అరవంలో ఏదో చెప్పాడు. నాతో మాత్రం మెల్లగా, "ముందొకసారి కూడా ఇట్లే అయిందమ్మా. జపానోళ్లతో వచ్చినాయన. మీ గుంటూరు వైపాయనే, ఫ్యాక్టరీలో పనంట. దగ్గలేక చచ్చాం" అన్నాడు.

కోతలు కాదన్నమాట. నేను ఆ మిరపకాయ తీసుకుని, మిగిలిన అన్నంలో నలిపి తిన్నాను. అక్కడ నోటికి హితవుగా ఉన్న ముద్ద అదొక్కటే. ఆపకుండా ఏడ్చాను. కారానికని అందరూ అనుకున్నారు.

ఎక్కడి నుంచి వచ్చింది ఆ కాయ? పెనం తుడవడం నా కళ్లతో చూశాను. ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు సమాధానం దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

ఇంటికి వచ్చిన మర్నాడు సెలవు. మధ్యాహ్నం కంచం పెట్టుకుని కూర్చున్నాను. ఘాటు రాలేదు. ఆ వారం రాలేదు, ఆ నెలా రాలేదు. ఒకరోజు ఖాసింబీ గోడ మీంచి తొంగి చూసి, "ఏంది అక్కా, మీ ఇంట్లో ఆ మిరపకాయల వాసన రావట్లేదు ఈ మజ్జన?" అంది.

నేనే రెండు కాయలు కొసలు తుంచి పెనం మీద కాల్చి చూశాను. దగ్గొచ్చింది. అవి ఉత్త మిరపకాయలు.

కోరిక తీరితే పోయినవాళ్లు వెళ్లిపోతారని నాగులేటి ఒడ్డున అందరూ అన్నారు. నేను వాళ్ల మాట వినిపించుకోలేదు. వినిపించుకుని ఉంటే మద్రాసు వెళ్లేదాన్ని కాదు.