మందస భజనలో కామయ్య క్యాసెట్టు

"కితకితల కామయ్య కొత్త క్యాసెట్టు ఎలా ఉంది టీచరమ్మా?" అని పలాసలో నన్ను అడగనివాళ్ళు లేరు. చెబుతాను. కానీ ముందు మొన్న మందసలో ఏం జరిగిందో వినండి. ఆ క్యాసెట్టు కొనాలో వద్దో, కొన్నా ఎప్పుడు వినకూడదో మీకే తెలుస్తుంది. అది తెలియకే నేను మా అమ్మాయి ఉద్యోగాన్ని గంగలో కలపబోయాను!

కామయ్యకి నేను పాత అభిమానిని. టెక్కలిలో నాటకాల మధ్య తెర వేసినప్పుడు, జనం లేచిపోకుండా పేరడీ పాటలు పాడేవాడే, ఆ రోజుల నుంచీ. ఆయన క్యాసెట్లన్నీ నా దగ్గర ఉన్నాయి. రిటైరయ్యాక జీడిపప్పు ఏరుకుంటూ అవి వినడమే నాకు కాలక్షేపం.

ఇక కొత్తది. నిజం చెప్పొద్దూ, మొదటి వైపు నాకు అంత ఎక్కలేదు. హార్మోనియం తీసేసి కీబోర్డు పెట్టారు. ఎకో ఎక్కువైంది, మనిషి నూతిలోంచి పాడుతున్నట్టుంది. సెల్‌ఫోను సిగ్నల్ కోసం కొబ్బరిచెట్టెక్కిన పెళ్ళికొడుకు పాట ఒక్కటే పరవాలేదు. కానీ రెండో వైపు తిప్పగానే వచ్చే బస్సు పాట ఉంది చూశారూ! అది మా పాత కామయ్య! పలాస నుంచి మందస వెళ్ళే బస్సులో నిలబడ్డ ముసలమ్మ గోడు అది. నవ్వీ నవ్వీ జీడిపప్పు చేట ఒలకబోసుకున్నాను. రివైండు చేసి మళ్ళీ విన్నాను. మర్నాడు మందస ప్రయాణం పెట్టుకుని మరీ విన్నాను. అదే నేను చేసిన పొరపాటు.

ఎందుకు పొరపాటో వివరంగా చెబుతాను. పేరడీ అంటే ఏమిటి? అందరికీ తెలిసిన సినిమా పాట వరస తీసుకుని మాటలు మార్చి పాడడం. మరి మన ఊళ్ళలో భజన పాటలు? సగం అవీ అంతే! వరస సినిమాది, మాటలు దేవుడివి. అంటే ఒకే వరస మీద దేవుడూ, కామయ్యా ఇద్దరూ కూర్చుంటారన్నమాట. ఇక్కడిదాకా అర్థమైంది కదా? ఇది గుర్తుపెట్టుకోండి.

మందసలో మా అమ్మాయి సుజాత అత్తవారు కొత్త ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశం, వ్రతం, సాయంత్రం భజన. సుజాతకి టెక్కలిలో ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. అల్లుడికి ఇష్టమే. అత్తగారే ఇంకా ఊఁ అనలేదు. ఆవిడ ఊఁ అనకపోతే ఆ ఇంట్లో పాలు కూడా పొంగవు.

నేను గేటు దగ్గరికి వచ్చానో లేదో సుజాత నన్ను పక్కకి లాగింది.

"అమ్మా, భజన అయ్యాక మా అత్తగారిని ఉద్యోగం సంగతి అడుగుతాం. అంతవరకూ నువ్వు జాగ్రత్త."

"నేనేం చేస్తానే?"

"ఆ కామయ్య మాట మాత్రం ఎత్తకు. ఆవిడకి అలాంటివి గిట్టవు. దేవుడి పాటల్ని పాడుచేసే మనుషులని మొన్న టీవీ చూస్తూ కూడా తిట్టారు."

"ఎత్తను తల్లీ" అన్నాను. అన్నానేగానీ, పలాసలో బస్సెక్కింది మొదలు ఆ పాట నా తలలో తిరుగుతూనే ఉంది. చెప్పుల చప్పుడు కూడా అదే తాళంలో పడుతోంది!

వంటింట్లోకి వెళ్ళేసరికి వియ్యపురాలు పులిహోర కలుపుతూ ఏదో కూనిరాగం తీస్తున్నారు. నన్ను చూడగానే ఆపేశారు. "వచ్చీసారా వదినగారూ? కాళ్ళు కడుక్కోండి" అన్నారు. మాటలో మర్యాద ఉంది. మొహంలో మాత్రం నవ్వు లేదు.

సాయంత్రం భజన మొదలైంది. ఒకరు ముందు ఒక లైను పాడితే మిగతా ఆడవాళ్ళంతా అదే లైను తిరిగి అందుకుంటారు. మైకు ఆ మొదట పాడేవాళ్ళకే. లౌడుస్పీకరు బాకా ఎక్కడ? వీధి చివర కొబ్బరిచెట్టుకి, బస్టాండు వైపు తిప్పి. నేను గోడవార నక్కి కూర్చుని, ఎవరూ నన్ను చూడకూడదని మొక్కుకుంటున్నాను.

"వియ్యపురాలిగారి చేత ఒక్కటి పాడించకపోతే ఏం బాగుంటాదండీ?" అన్నారు హార్మోనియం మేష్టారు.

"నాకు గొంతు బాగాలేదండీ."

"పిల్లలికి పాఠాలు చెప్పిన గొంతు, దానికేటవుతాది? 'కరుణించరా' అందుకోండి. అందరికీ వచ్చు." ఆ మాట అంటూనే శ్రుతి ఎత్తుకున్నారు.

ఆ వరస వినగానే గోడకి ఇంకా అతుక్కుపోయాను! ఏ వరసో మీకు చెప్పక్కర్లేదనుకుంటాను. సుజాత వైపు చూశాను. దానికేం తెలుసు, పాడమన్నట్టు తలూపింది. వియ్యపురాలు నా పక్కకే వచ్చి కూర్చున్నారు. దేవుడి పటం మీద చూపు నిలిపి మొదలుపెట్టాను.

"కరుణించరా స్వామి కరుణించరా..."

అందరూ అందుకున్నారు. హమ్మయ్య.

"కష్టాల కడలిని దాటించరా..."

అందుకున్నారు. గండం గడిచిందనుకున్నాను. ఆ ధీమాతో కళ్ళు మూసుకున్నాను. కళ్ళు మూసుకున్నాక నా ముందు దేవుడు లేడు, మందస బస్సు ఉంది!

"ఎండుచేపల గంప దింపించరా..."

పాడుతున్నది నేనేనని నాకే తెలియలేదు. తెలిసేలోపే ఆడవాళ్ళందరూ భక్తిగా, తాళం తప్పకుండా, "ఎండుచేపల గంప దింపించరా" అని తిరిగి పాడేశారు. భజన అలవాటు అలాంటిది, ముందు పాడేవాళ్ళ మీద అంత నమ్మకం! నేను కంగారుగా కళ్ళు తెరిచాను. ఎలాగైనా స్వామి దగ్గరికి తిరిగి వెళ్ళాలని నోరు తెరిస్తే, వచ్చింది ఇదీ:

"డ్రైవరన్నా బండి కదిలించరా!"

ఈసారి సగం మందే అందుకున్నారు. మిగతా సగం మొహమొహాలు చూసుకున్నారు. తాళాలు ఆగిపోయాయి. మేష్టారి చెయ్యి మాత్రం హార్మోనియం తిత్తిని ఊపుతూనే ఉంది. మడి కట్టుకున్న ఇంట్లో, వ్రతం పీట ముందు, మైకులో ఎండుచేపలు! సుజాత మొహం పాలిపోయింది. అయిపోయింది, టెక్కలి ఉద్యోగం అయిపోయింది, నా మూలంగానే అయిపోయింది అనుకున్నాను.

అక్కడితో ఆగితే బాగుండేది. ఇంతలో గేటు దగ్గర కేక!

"ఎవులమ్మా మైకులో పిలిసినారు? గంప దింపమన్నారు గదా, ఓ సెయ్యెయ్యండి!"

బారువ నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్ముకునే ఎర్రమ్మ! బస్టాండులో బస్సు కోసం నిలబడి, బాకాలో విని, మిగిలిన సరుకు అమ్ముడుపోతుందని పరిగెత్తుకొచ్చేసింది. ఆవిడకంటే ముందు గంప వాసన పందిట్లోకి వచ్చింది. పురోహితుడుగారు ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"పండగింటోలు సేపలు పిలవడం ఏటో అనుకున్నాను గానీ, కొత్త ఇల్లు కదా, కొత్త పద్దతేమో అనుకున్నానమ్మా!" అంది ఎర్రమ్మ.

వియ్యపురాలు లేచారు. నా వైపు చూడలేదు. ఎర్రమ్మ చేత గంప గేటు బయటే పెట్టించి, ఆకులో పులిహోర పెట్టి, బొట్టు పెట్టి, తాంబూలం ఇచ్చి పంపారు. తిరిగొచ్చి మైకు నా ముందు నుంచి తీసి ఇంకొకరి ముందు పెట్టారు. మంగళహారతి పాడించారు. ఆ తర్వాత నెమ్మదిగా అన్నారు.

"వదినగారూ, ఒకసారి వంటింట్లోకి రండి."

హెడ్మాస్టరు గదిలోకి పిలిచిన పిల్లలా ఆవిడ వెనకే వెళ్ళాను. ఆవిడ తలుపు దగ్గరగా వేశారు. నేను ముందే చేతులు జోడించాను.

"వదినగారూ, తప్పు నాది. పిల్లకేం తెలీదు. దాని ఉద్యోగం మీద మాత్రం..."

"తప్పే. పెద్ద తప్పు" అన్నారావిడ. "వరస తప్పీసారు."

"అంటే?"

"ముందు డ్రైవరు వదినగారూ. గంప తరవాత. మధ్యలో కండక్టరు టీ తాగడం ఉంది, అది మొత్తం మింగీసారు! అంత మంచి పాట, మైకులో అలాగేనా పాడడం?"

ఆవిడ పప్పు డబ్బాల వెనక చెయ్యి పెట్టి క్యాసెట్టు తీశారు. కామయ్యదే! అయితే కొత్తది కాదు, పాతది.

"బస్సు పాట రేడియోలో ఒక్కసారి విన్నాను. క్యాసెట్టు మందసలో ఇంకా రాలేదు. ఏ క్యాసెట్టైనా టెక్కలిలో ముందొస్తాదట కదా?"

"ముందే వస్తుంది" అన్నాను. "సుజాత టెక్కలి వెళ్తే, కాలేజీ నుంచి వచ్చేటప్పుడు..."

"అదే ఆలోచిస్తన్నాను" అన్నారావిడ. గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించారు. "పిల్ల సంగతి తరవాత చూద్దాం. ముందు మీరు పాట మొదట్నుంచీ సరిగ్గా చెప్పండి. మా ఇంట్లో మాత్రం ఎవరికీ తెలియనివ్వకండి."

ఇదండీ కొత్త క్యాసెట్టు మీద నా అభిప్రాయం. మొదటి వైపు మామూలు, రెండో వైపు అద్భుతం, భజనకి ముందు మాత్రం వినకండి. సుజాత వచ్చే సోమవారం ఉద్యోగంలో చేరుతోంది. వంటింట్లో నేను ఉద్యోగం గురించి పాఠం చెబితే, అది నచ్చే అత్తగారు ఒప్పుకున్నారని దాని నమ్మకం. నిజానికి పాఠం నేనే అప్పచెప్పాను. పట్టుచీరలో, చేతులు కట్టుకుని, పులిహోర గిన్నె పక్కన నిలబడి. ఎండుచేపల గంప దగ్గర మళ్ళీ తడబడితే, ఆవిడ గరిటె ఎత్తి "ఊఁ, మళ్ళీ మొదట్నుంచీ!" అన్నారు.