ఇంకా కుదరలేదు వదినా

మా మరిది తుహామీ కాచే టీ ఎప్పుడు కుదురుతుందో పైనున్న దేవుడికీ, కూజా పట్టుకున్న తుహామీకీ తప్ప కొండ మీది ఈ జెర్హూన్ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. మిగతా అందరం పిండివంటల మీద కప్పిన గుడ్డ వంక చూస్తూ గుటకలు మింగుతూ కూర్చోవలసిందే.

అతను బతుకంతా గాడిదల వీపున బరువు కింద వేసే గంతలు కుట్టాడు. గాడిద వీపు ఒక్కసారి తడిమి చూసి కత్తిరించేవాడు, రెండోసారి కొలిచే పని లేదు. అంత చురుకైన మనిషి టీ కూజా ముందు కూర్చుంటే మాత్రం చలికాలపు ఎద్దులా కదిలేవాడు కాదు. మా ఆయన పోయాక ఇంట్లో కూజా ఈ మరిది చేతికి వెళ్ళింది. ఆ రోజునుంచీ మా ఇంటి ఆదివారం పొడుగు పెరిగింది.

ఆదివారమంటే మా వీధులకు నిద్ర. గాడిదలు సంతకు వెళ్ళవు, మెట్ల మీద డెక్కల చప్పుడుండదు. పొద్దున్నే ప్రతి ఇంటినుంచీ ఒక చెక్కబల్ల నెత్తిమీదికెక్కి వీధి చివర బట్టీకి వెళుతుంది. దాని మీద ఒకరింటి రొట్టెలు, ఒకరింటి చేపలు, మా ఇంటి పిండివంటలు. బాదంపిండితో చేసే నా ఘ్రీబా బిళ్ళలు బట్టీలోంచి వచ్చేసరికి పైన నెర్రెలు విచ్చి, చెయ్యి తగిలితే రాలిపోయేలా ఉంటాయి. నేను చెప్పుకోకూడదు కాని, చెప్పేవాళ్ళెవరూ సరిగ్గా చెప్పరు కాబట్టి నేనే చెబుతున్నాను.

సాయంత్రం పెరట్లో నారింజ చెట్టు కింద చాప పరుస్తాం. మా ఇళ్ళల్లో మర్యాద ఒకటుంది. మొదటి గ్లాసు పోసేదాకా పిండివంటల మీద గుడ్డ తీయకూడదు. తుహామీ చక్కెర దిమ్మను సుత్తితో కొడతాడు, తేయాకు కడుగుతాడు, పుదీనా కట్ట విప్పి పెళ్ళికూతురి జడ సవరించినట్టు సవరిస్తాడు. ఉడుకు నీళ్ళు పోసి, మూత పెట్టి, కాసేపాగి, కూజాను తలపైకెత్తి గ్లాసులోకి ధార వదులుతాడు. ఒక్క చుక్క బయటపడదు. జిల్లా అంతా వెతికినా అలాంటి చెయ్యి లేదు. నురగ తలపాగాలా లేస్తుంది. గ్లాసు వెలుతురుకి పట్టి చూసి, వాసన పీల్చి, పెదవి తడిపి, దూరంగా ఎవరో పిలుస్తున్నట్టు చెవి వంచి, "ఇంకా కుదరలేదు వదినా" అంటూ గ్లాసులోది కూజాలోకి తిరగబోస్తాడు.

అలా ఒకసారి కాదు.

"ఏం తక్కువైందయ్యా?" అంటాను.

"పుదీనా అలిగింది."

"దాన్ని నువ్వు బతిమాలుకునేలోపు నా బిళ్ళలు రాళ్ళవుతాయి."

ఒకనాడు పుదీనా అలుగుతుంది. ఇంకోనాడు చక్కెర ఇంకా నిద్ర లేవలేదు. ఒకనాడైతే పక్కింటి గాడిద ఓండ్ర పెట్టింది, ఆ అరుపుకి టీ జడుసుకుందట, సద్దుమణగాలట. చలికాలం మాచిపత్రి వేస్తాం కదా, ఆ మాచిపత్రికీ పుదీనాకీ పాత పగలున్నాయట, ముందు రాజీ కుదరాలట.

మా పక్కింటి తామూ నోరు ఊరుకోదు. మర్యాదకి మగవాళ్ళని సీ అనీ, ఆడవాళ్ళని లల్లా అనీ పిలుస్తాం మేం, ఆ మర్యాదతోనే దెప్పుతుంది. "సీ తుహామీ, నేను ఇంట్లోంచి బయల్దేరినప్పుడు నా జుట్టు నల్లగా ఉండేది," అంటుంది.

"ఇప్పుడు తెల్లబడింది కాబట్టి నీ మాటకి గౌరవం పెరిగింది, కూర్చో లల్లా తామూ," అంటాడు.

ఒకసారి అతను తల తిప్పినప్పుడు ఆ గ్లాసు లాక్కుని నేనే తాగి చూశాను. అమృతంలా ఉంది. "బాగానే ఉంది కదయ్యా," అన్నాను.

"నీకు తెలియదు వదినా. చదువుకోనిదానివి."

"నువ్వే కాలేజీలో చదివావు టీ?"

నేను ఖురాన్ బడికి వెళ్ళింది ఒక్క చలికాలం. అతను ఆ చలికాలం కూడా జ్వరమని దుప్పటి కప్పుకున్నాడు. అటువంటి పండితుడు నాకు చెబుతున్నాడు.

చివరికి ఎప్పటికో వీధి తలుపు కిర్రుమంటుంది. బట్టీ బెన్నాసర్ వస్తాడు. కనుబొమల మీద పిండి, బుగ్గల మీద మసి, ఒళ్ళంతా సెగ. వీధి మొత్తానికి కాల్చిపెట్టి, చివరి బల్ల పంపించి, బట్టీ ఆర్పి వచ్చిన మనిషి. "అందరూ తాగేశారేమో, గుక్కెడు మంచినీళ్ళిస్తే వెళతాను," అని గుమ్మంలోనే నిలబడతాడు. సరిగ్గా అప్పుడే తుహామీ పెదవి తడిపి, "ఆఁ, కుదిరింది," అంటాడు.

"నీ నుదుట టీ రాసి ఉందయ్యా బెన్నాసర్. మేం ఇంతసేపటినుంచీ తపస్సు చేస్తే నువ్వు ప్రసాదానికి వస్తావు," అనేదాన్ని.

అతను సిగ్గుపడి నవ్వి నా పక్కన ఒదిగి కూర్చునేవాడు. ఇదంతా ఏళ్ళ తరబడి నడిచింది. నేను ఏళ్ళ తరబడి వెక్కిరించాను.

ఇలా ఉండగా మా షామాకి సంబంధం వచ్చింది.

షామా నా కొడుకు కూతురు. తల్లీ తండ్రీ లేకపోతే నేనే పెంచాను. మెక్నెస్ పట్నంలో కుట్టుపని నేర్చుకోవడానికి వెళ్ళి, కుట్టుపనితోపాటు నజీబ్ అనే కుర్రవాణ్ణి కూడా చూసుకుని వచ్చింది. కుర్రవాడు మంచివాడే. వాడి తల్లి హాజ్జా ఘీతా మాత్రం హజ్ యాత్ర చేసి హాజ్జా అనిపించుకున్న, మెక్నెస్‌లో పేరున్న మనిషి. ఇల్లు పెద్దది, ముక్కు అంతకన్నా పెద్దది. అంతకుముందు చూసిన పిల్లనైతే టీలో నురగ లేదని వద్దందట. ఆదివారం మా ఇంటికి వస్తానని కబురు పెట్టింది. ఆ కబురు విన్నప్పటినుంచీ షామా అన్నం ముట్టలేదు.

"ఈ సంబంధం తప్పితే ఇంకెవర్నీ చూడమనకు నానమ్మా," అంది.

"తప్పదు. నా పిండివంట, మీ చిన్నతాత చెయ్యి. ఇక తప్పడానికి ఏముంది?" అన్నాను. అని, తిన్నగా తుహామీ దగ్గరికి వెళ్ళాను.

"ఈ ఆదివారం తిరగబోయడాలు లేవు. మీ అన్న మీద ఒట్టు వెయ్యి."

"ఒక్కసారైనా పోయనీ వదినా. చెయ్యి దురద పెడుతుంది."

"దురద పెడితే గోడకి రాసుకో."

అతను నిట్టూర్చి ఒట్టు వేశాడు.

తామూకి మాత్రం ఆ రోజు రావద్దని చెప్పాను. ఆమె నోరు హాజ్జా వినడం పెళ్ళయ్యాక చాలు. అలక తీర్చడానికి మా బల్ల మీద ఎప్పుడూ కప్పే నీలంచారల గుడ్డ ఆమెకిచ్చేశాను, ఎప్పటినుంచో దాని మీద కన్నుంది. మా బల్ల మీద కప్పడానికి ఫేజ్ పట్నంనుంచి అంచు కుట్టిన తెల్లగుడ్డ తెప్పించాను.

ఇక్కడే కొంప మునిగింది. బట్టీలో కాల్చేది బెన్నాసర్, బల్లలు ఇళ్ళకు చేరవేసేది అతని బావమరిది హమ్ము. ఏ బల్ల ఎవరిదో హమ్ముకి గుడ్డే గుర్తు. గుడ్డ ఎత్తి చూడడు. ఎవరింట్లో బాదం పిండివంటో, ఎవరింట్లో ఉత్త బార్లీ రొట్టో చూడకపోవడం ఆ పనిలో మర్యాద. నీలంచారలంటే బతూల్ ఇల్లు, అంటే మా ఇల్లు, అంతే.

హాజ్జా ఘీతా వచ్చి, పట్టుపరుపు మీద కూర్చుని, మా నారింజ చెట్టుని కూడా తప్పుపట్టే చూపొకటి చూసింది. నజీబ్ తల వంచుకుని గోళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు. తుహామీ కూజాలో నీళ్ళు పోశాడు. వీధి తలుపు చప్పుడైంది. షామా పెళ్ళికూతురి సిగ్గుతో కళ్ళు నేలకి దించుకుని వెళ్ళి, అరుగు మీద హమ్ము పెట్టి వెళ్ళిన బల్ల తీసుకుని, అలాగే నేల చూసుకుంటూ వచ్చి హాజ్జా ముందు పెట్టింది.

నీలంచారల గుడ్డ.

నా పైప్రాణాలు పైనే పోయాయి. నేనిచ్చిన గుడ్డ తామూ ఆ రోజే కప్పి బట్టీకి పంపింది. దాని కింద ఉన్నది వాళ్ళ సార్డీన్ చేపలు, నా తెల్లగుడ్డ బల్ల వాళ్ళింటికి పోయి ఉంటుంది. వెల్లుల్లి, కొత్తిమీర దట్టించి మరీ కాల్పించుకుంటుంది ఆ మహాతల్లి. అతిథి ముందు పెట్టిన బల్ల వెనక్కి తీస్తే సంబంధం వెనక్కి తీసుకున్నట్టే. టీ పోస్తే గుడ్డ ఎత్తాలి. ఎత్తితే మెక్నెస్ హాజ్జాకి పుదీనా టీతో వెల్లుల్లి చేపలు.

తుహామీ వంక చూశాను. అతను గుడ్డ వంక చూశాడు, నా మొహం వంక చూశాడు. కూజా ఎత్తి ధార పోశాడు. రుచి చూశాడు. చెవి వంచాడు.

"ఇంకా కుదరలేదు వదినా," అన్నాడు.

ఆ మాట అంత తీయగా ఏనాడూ వినబడలేదు నాకు.

"ఏమైందండీ?" అంది హాజ్జా.

"పుదీనా అలిగిందండీ. కొత్తవాళ్ళని చూస్తే దానికి సిగ్గు."

తిరగబోశాడు. పుదీనా ఇంకో కట్ట వేశాడు. ఆ ఆవిరి చేపల వాసన మీదికి వెళ్ళేలా కూజా మూత తీసి విసనకర్రతో విసిరాడు. మళ్ళీ పోశాడు. చక్కెర నిద్ర లేవలేదన్నాడు. మళ్ళీ తిరగబోశాడు. నజీబ్ తలెత్తి మొదటిసారి నవ్వాడు. హాజ్జా కనుబొమ మాత్రం తలగుడ్డలోకి ఎక్కుతోంది.

"మెక్నెస్‌లో టీ ఇంత ఆలస్యం చెయ్యమండీ," అంది.

"మెక్నెస్ పుదీనాయేనండి ఇది. కొండెక్కి వచ్చింది, ఆయాసం తీరాలి," అన్నాడు తుహామీ.

"మీ మరిదిగారికి ఒంట్లో బాగానే ఉంటుందా?" అని నా చెవిలో అడిగింది హాజ్జా.

"అప్పుడప్పుడూ బాగుండదండీ," అన్నాను. షామా కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. పాపం, దానికి గుడ్డ సంగతే తెలియదు. చిన్నతాత పిచ్చి తన పెళ్ళి మీదికి వచ్చిందనుకుంది.

అప్పుడు వీధి తలుపు కిర్రుమంది. బెన్నాసర్. నెత్తిమీద తెల్లగుడ్డ బల్ల, చెమట ధారలు. గుమ్మంలో నన్ను చూసి నోరు తెరవబోయాడు.

ఆ క్షణంలో తుహామీ కూజాను ఎన్నడూ ఎత్తనంత ఎత్తుకి ఎత్తాడు. బతుకులో చుక్క ఒలకబోయని మనిషి, గురి చూసి, మొత్తం టీ నీలంచారల గుడ్డ మీద గుమ్మరించాడు.

"అయ్యయ్యో, ముసలిచెయ్యి," అన్నాడు. "పిండివంటంతా పాడైపోయింది. క్షమించండి హాజ్జా. వదినా, తీసెయ్. లోపల ఇంకో బల్ల ఉంది కదా."

నేను ఆ టీచేపల్ని వంటింట్లోకి చేర్చి, బెన్నాసర్ నెత్తిమీది బల్ల అందుకున్నాను. "లల్లా తామూ గుడ్డ తీసి చూసి బట్టీకి పరిగెత్తుకొచ్చింది లల్లా," అని గుసగుసలాడాడు. పరిగెత్తడానికి ముందు కాస్త రుచి కూడా చూసింది. అంచున ఖాళీలున్నాయి. బిళ్ళలు సర్ది ఖాళీలు పూడ్చాను.

తుహామీ కొత్తగా టీ కాచాడు. నురగ లేచింది. పెదవి తడిపి, ఒక్కసారి కూడా తిరగబోయకుండా, "కుదిరింది," అన్నాడు. హాజ్జాకి పోశాడు, నజీబ్‌కి పోశాడు, గుమ్మంలోంచి జారిపోబోతున్న బెన్నాసర్‌ని చెయ్యి పట్టి కూర్చోబెట్టి అతనికీ పోశాడు. హాజ్జా ఒక బిళ్ళ తిన్నది. ఇంకోటి తిన్నది. ఇక నేను లెక్క చూడలేదు.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నా భుజం మీద చెయ్యి వేసి, "పెళ్ళికి ముహూర్తం మీరే చూడండి లల్లా. విందులో చేపలు కూడా పెట్టించండి," అంది.

"మీకు తెలిసిందా?"

"తెలియకపోవడానికి నా ముక్కు మెక్నెస్‌లో పెట్టి వచ్చానా? పిల్ల పరువు కోసం తన చేతిపేరు నేలపాలు చేసుకునే పెద్దమనిషున్న ఇల్లు ఇది. ఇంకేం చూడాలి?"

వాళ్ళు వెళ్ళాక తుహామీ ఒక్కడే తడిసిన చాప తుడుస్తూ కనిపించాడు. జిల్లాలో లేని చెయ్యి అని నేను చెప్పుకునే ఆ చెయ్యి గురించి రేపు బజారంతా నవ్వుతుంది. నేనూ చాప రెండోకొన పట్టుకున్నాను.

"ఒట్టు తప్పావు," అన్నాను.

"తప్పాను వదినా. అన్నయ్యకి నేను చెప్పుకుంటాలే."

"ఒకటి చెప్పు. ఇవాళ అలిగిన పుదీనా బెన్నాసర్ రాగానే ఎలా దిగివచ్చింది?"

అతను చాప మీద లేని మరకొకటి తుడిచాడు.

"ప్రతి ఆదివారం అంతే కదా," అన్నాను. "బెన్నాసర్ వచ్చేదాకా చక్కెర లేవదు. బెన్నాసర్ వచ్చేదాకా గాడిద అరుపు తగ్గదు."

"మెల్లగా వదినా, గోడలకి తామూలున్నాయి," అన్నాడు. "వీధి మొత్తానికి కాల్చేది అతను. అన్ని ఇళ్ళలో టీ అయిపోయాక బట్టీ ఆర్పేది అతను. అన్నయ్య ఉన్నప్పుడు ఒకసారి, నీకోసం ఆగామయ్యా అన్నాం. అభిమానపడి నెల్లాళ్ళు గుమ్మం తొక్కలేదు. నావల్ల పదిమందికి ఆలస్యమా అన్నాడు. మనిషికోసం ఆగితే రాడు. టీ కుదరకపోతే అతనేం చేస్తాడు?"

చాప దులిపి అతని మొహాన నీళ్ళు పడేట్టు చేశాను, మనసు కుదుటపడింది.

తరువాతి ఆదివారం తామూ ముందే వచ్చేసింది. చేపలు పోయాయని వారమంతా ఏడ్చి, బాదం బిళ్ళలు కడుపులో పడ్డ సంగతి మాత్రం ఎత్తలేదు. "పోయిన వారం మొత్తం ఒలకబోశావట కదా సీ తుహామీ. ఇక నీకు కూజా ఇవ్వకూడదు," అని అతని చేతిలోది లాక్కుంది. పోసింది. నురగ లేచింది. గుడ్డ మీద చెయ్యి వేసింది.

వీధి తలుపు ఇంకా కిర్రుమనలేదు. తుహామీ నారింజ చెట్టు కొమ్మల్లోకి చూస్తున్నాడు.

నేను గ్లాసు అందుకున్నాను. పెదవి తడిపాను. ఏడాదిలో అంత బాగా కుదిరిన టీ తాగలేదు.

"ఛీ," అన్నాను. "పుదీనా అలిగింది." కూజాలోకి తిరగబోశాను.

"నీకూ అంటుకుందా బతూల్?" అంది తామూ.

తుహామీ చెట్టుకేసి చూస్తూనే విసనకర్ర నా చేతికిచ్చాడు. ఇంకోసారి పోశాను, ఇంకోసారి తిరగబోశాను. నా చేతికి తుహామీ చెయ్యంత వాటం లేదు, చాప మీద బాగానే పడింది. అప్పటికి తలుపు కిర్రుమంది. కనుబొమల మీద పిండితో బెన్నాసర్ తొంగిచూశాడు.

"అదేమిటో లల్లా, నేను వచ్చేసరికి మీ ఇంటి టీ ఎప్పుడూ సరిగ్గా కుదురుతుంది."

"నీ నుదుటిరాత," అన్నాను. "కూర్చో."