అందరిదీ ఒకటే ఎర్రర్

అప్పుడు నేను కామారెడ్డిలో డిగ్రీ చివరి సంవత్సరం. ప్రాక్టికల్ పరీక్ష రోజు ఎల్లారెడ్డి నుంచి బస్సులో నిలబడి వచ్చేసరికే సగం ఓపిక అయిపోయింది. రికార్డులోని ప్రోగ్రాంనే అందరం బట్టీపట్టి, అక్షరం పొల్లుపోకుండా టైపు చేశాం. కంప్యూటర్లన్నీ ఒకే ఎర్రర్ చూపించాయి.

"అందరిదీ ఒక్కటే తప్పా? కాపీ కొట్టిండ్రు. మాల్‌ప్రాక్టీస్ కింద బుక్ చేస్తా!" అంటూ బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ లేచారు.

ముందురోజే మా ల్యాబ్ సార్ "కొత్తది మంచిగుంటది" అంటూ ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్ ఎక్కించారు. ప్రోగ్రాంలను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చే కంపైలర్ అందులో ఇంకా ట్రయల్‌లోనే ఉంది. ఆ సంగతి తెలిసిన సార్ ఇప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

నేను ఎర్రర్‌ను చివరిదాకా చదివాను. "సార్, తప్పు కంపైలర్‌దేనట. తయారుచేసినోళ్లకు చెప్పుమని దీంట్లనే రాసున్నది" అన్నాను.

ఎగ్జామినర్ వంగి చదివారు. "సరే, పేపర్ మీద రాయుండ్రి" అని కూర్చున్నారు.

సాయంత్రం మళ్లీ నిలబడే ఇంటికి చేరాను. "ఎట్ల రాసినవ్ బిడ్డా?" అంది అమ్మ. "మంచిగనే రాసిన" అని పడుకున్నాను. ఆరోజు ఆ గదిలో తప్పు తనదని ఒప్పుకున్నది ఆ కంపైలర్ ఒక్కటే.