పుట్టించినవారి ఆరా

సర్వర్ల గదిలో ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, చల్లారిపోయిన టీని కూడా ఊదుకుంటూ తాగుతాడు. ఏ ప్రోగ్రాం మొరాయించినా నేరుగా దాన్ని ఆపడం ఆయనకు గిట్టదు. "ముందు దాన్ని పుట్టించినదెవరో చూడండి. పిల్లల్ని కొడితే ఏమొస్తుంది?" అంటాడు.

ఆ ఉదయం సర్వరు నత్తనడక పట్టింది. పక్క సీటు ఆవిడ, దాన్ని నమిలేస్తున్న ఒక ప్రాసెస్‌ను, అంటే నడుస్తున్న ప్రోగ్రాంను, పదకొండుసార్లు ఆపితే, పదకొండుసార్లూ అది కొత్త నంబరుతో లేచి కూర్చుంది. పెద్దాయన హుషారుగా కుర్చీ జరుపుకున్నాడు. "ఎవడో బాధ్యత లేనివాడు, కని వదిలేశాడమ్మా" అంటూ దాని పేరెంట్ నంబరు, అంటే దాన్ని పుట్టించిన ప్రోగ్రాం నంబరు, వెతికి పట్టుకున్నాడు. దొరికింది ఒక కాపలా స్క్రిప్టు. ఆగిపోయినదాన్ని మళ్లీ మొదలుపెట్టడమే దాని పని. పక్కన ఎవరు నడుపుతున్నారో చెప్పే గడిలో ఆయన లాగిన్ పేరే ఉంది. ఆరేళ్ల కిందట, రెండు రోజుల కోసమని తానే పెట్టి మరిచిపోయాడు. ఆవిడ తెర వంక చూసి, ఆయన వంక చూసి, "ఇప్పుడు ఎవర్ని కొట్టమంటారండీ?" అంది. పెద్దాయన కళ్లజోడు కిందికి దించుకుని స్క్రిప్టును ఆపేశాడు. టీ ఊదుకుని ఒక గుక్క తాగాక, "ఆరేళ్లలో ఒక్కపూట నాగా పెట్టలేదు, చూశావా?" అన్నాడు.