నలభై ఒక్క జవాబులు

మా వదినను ఆఫీసులో గీతలమ్మ అంటారు. భవనాల ప్లాన్లు ముందేసుకుని గోడ గోడకీ రంగు గీతలు గీస్తుంది కాబట్టి. పెద్ద భవనాల్లో వైఫై పెట్టెలు ఎక్కడెక్కడ బిగించాలో తేల్చడం ఆవిడ పని. ఇటుక గోడ సిగ్నల్‌ను ఎంత మింగుతుంది, గాజు తలుపు ఎంత వదులుతుంది, లిఫ్టు పక్కన ఎంత నీరసిస్తుంది, అన్నీ కొలిచి కంప్యూటర్ ప్రోగ్రాంకు అప్పజెబుతుంది. వీలైనంత తక్కువ పెట్టెలతో అడిగినంత మేర సిగ్నల్ అందేలా అది లెక్కకట్టి చోట్లు చెబుతుంది. పెళ్లయిన కొత్తలో మా ఇంటికొచ్చి ముందు గోడలు తట్టి చూసింది. కొత్త కోడలు ఇల్లు బేరమాడ్డానికొచ్చిందా అని మా బాబాయి ఆటపట్టించాడు.

ఒక ఆసుపత్రి రెండో అంతస్తుకు ఆవిడే ప్లాను వేసింది. నూటికి తొంభై ఎనిమిది వంతుల స్థలంలో సిగ్నల్ ఉంటే చాలని ఒప్పందం. పదకొండు పెట్టెలతో సరిపోయింది. సిగ్నల్ అందని చోట్లు ప్లానులో తెల్లగా మిగిలాయి. వాటిలో ఒకటి ఎక్స్‌రే గది వెనకున్న దుప్పట్ల గది. అక్కడెవరుంటారులే అని అందరూ సంతకాలు పెట్టేశారు.

మూడేళ్ల తర్వాత జ్వరాలు ముమ్మరించాయి. చోటు చాలక దుప్పట్ల గదిలోనూ ఒక మంచం వేశారు. దాని మీద పడుకున్నది రిటైరైన బస్సు డ్రైవరు. నాడి గతి తప్పితే నర్సు బల్ల మీద గంట మోగించే పట్టీ ఆయన చేతికి కట్టారు. ఒక మధ్యాహ్నం కూతురు మందులకని కిందికి వెళ్లింది. పట్టీ పంపిన సిగ్నల్ గోడలు దాటలేదు. ఆమె తిరిగొచ్చేసరికి ఆయన ప్రాణం పోయింది.

విచారణ జరిగింది. పరికరాల్లో లోపం లేదనీ, నెట్‌వర్క్ ఒప్పందం ప్రకారమే ఉందనీ తేల్చారు. మంచం వేసినవాళ్లకు ఆ గది సంగతి తెలియదు. నీ తప్పేం లేదని మా అన్నయ్య చెప్పాడు, మేనేజరూ చెప్పాడు. వదిన తలాడించింది.

వారం తర్వాత ఆ అంతస్తు లెక్కను మళ్లీ తీసింది. ఈసారి ఒక్క జవాబుతో ఆగొద్దని ప్రోగ్రాంకు చెప్పింది. పదకొండు పెట్టెలతోనే సరిపోయే జవాబులు నలభై ఒకటి వచ్చాయి. వాటిలో ముప్పై ఎనిమిదింటిలో దుప్పట్ల గదికి సిగ్నల్ అందుతుంది. మూడేళ్ల కిందట ప్రోగ్రాం మొదట దొరికిన జవాబు ఇచ్చి ఊరుకుంది. ఆవిడా అదే తీసుకుంది.

అప్పట్నుంచి ఆ తెల్లటి ముక్క ఆవిడను వదల్లేదు. సున్నం పెచ్చులూడిన చోట, ఉతికిన దుప్పటి మడతలో, చివరికి అన్నం కంచం అడుగున కూడా అదే ఆకారం కనిపించేదట. ఎవరింటికి వెళ్లినా కూర్చోకుండా వెనక గదుల్లోకి తొంగిచూసేది. మాట మధ్యలో ఆగి చెవులు రిక్కించేది. ఏమిటని అడిగితే, ఎవరో పిలిచినట్టనిపించిందనేది.

చివరికి డ్రైవరు కూతురిని వెతుక్కుంటూ వెళ్లింది. నేను తోడు వెళ్లాను. ఆమె దర్జీ. మిషను మీద చొక్కా చేయి కుడుతోంది. వదిన దాచకుండా అంతా చెప్పింది, ముప్పై ఎనిమిది సంగతి కూడా. మిషను ఆగింది.

"మరి ఆ మిగతా మూడింట్లోదే ఎందుకు తీసుకున్నారండీ?"

"కారణమేం లేదమ్మా. అది ముందు దొరికింది. అంతే."

"ఎవరైనా కావాలని చేసుంటే తిట్టుకునేదాన్ని," అంది. "ఇప్పుడెవర్ని తిట్టుకోను?"

"నన్ను తిట్టండి."

తిట్టలేదు. మళ్లీ కుట్టడం మొదలుపెట్టి, ఆ గదికి అందేలా పెట్టెలు జరిపించారా అని అడిగింది. జరిపించానంది వదిన. అయితే దానికి బదులు ఇప్పుడు తెల్లగా మిగిలిందెక్కడని ఆమె అడిగింది. మెట్ల పక్కనున్న ఖాళీ చోటని వదిన చెప్పింది.

"అక్కడ ఎప్పటికీ ఎవరూ ఉండరా?"



ఆ తర్వాత వదిన పని తీరే మారిపోయింది. ప్రతి ప్లానుతోపాటు సిగ్నల్ అందని చోట్లు వేరే కాగితం మీద రాసిచ్చేది. అక్కడ పనిచేసేవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి ఒక్కో చోటూ చూపించేది. పాత ఆసుపత్రికీ వెళ్లి, ఇక్కడ మంచం వేయరాదని బోర్డులు కొట్టించింది. మన లోపాలు మనమే చాటుకుంటామా అని మేనేజరు విసుక్కున్నాడు. రెండు ఆసుపత్రులు వేరే కంపెనీకి వెళ్లిపోయాయి. వదినను గోడౌన్ల పనికి మార్చారు. కిమ్మనకుండా వెళ్లింది. అక్కడా కాగితం రాసిస్తూనే ఉంది.

కిందటేడు మళ్లీ జ్వరాలొచ్చినప్పుడు ఆ ఆసుపత్రి నర్సు ఫోన్ చేసింది. మెట్ల పక్కన మంచాలు వేయబోతుంటే బోర్డు చూపించి ఆపిందట, వరండాలో వేయించిందట. వదిన ఫోన్ చెవికి ఆనించుకునే ప్లాను తెరిచి, వరండా మీద వేలు పెట్టి చివరిదాకా జరిపింది.

"అందుతుందమ్మా," అంది. "కిటికీల వైపు వేయించండి. అక్కడ ఇంకా బాగా అందుతుంది."

ఇకనైనా నిమ్మళంగా ఉండమన్నాడు అన్నయ్య. సరేనంది. సిగ్నల్ అందని చోట్లు ఇంకా ఆరున్నాయంటూ ప్లాను ముందే కూర్చుండిపోయింది.