ఇంకా పుట్టని సిటీలో నాలుగు రోజులు

శుక్రవారం పొద్దున పావు తక్కువ ఏడుకి క్యారీ స్టేషన్‌లో షార్లెట్ వెళ్లే రైలెక్కాను. మోరిస్‌విల్‌లోని మా ఇంటి నుంచి స్టేషన్‌కి కారులో పావుగంట. మావారు బ్యాగు అందిస్తూ, "సోమవారానికి వచ్చేస్తావా, లేక ఆ కొత్త సిటీకి మేయర్‌వై అక్కడే ఉండిపోతావా?" అని ఒక చురక అంటించి మరీ వెళ్లారు. అరవై మూడేళ్లు వచ్చి, ల్యాబ్ ఉద్యోగం నుంచి రిటైరైన నన్ను ఎవరు మేయర్‌ని చేస్తారు! అయితే వెళ్తున్నది మాత్రం నిజంగా సిటీ పని మీదే.

మా చెల్లెలు చిట్టి బుధవారం ఫోన్ చేసింది. "అక్కా, నా పరువు పోయింది. వెంటనే రావే" అంది. వాళ్లుండేది దక్షిణాన ఒక పెద్ద నగరం శివారు. ఆ శివారు ఏ సిటీలోనూ లేదు, కౌంటీ కిందే, అంటే జిల్లా పాలన కిందే ఉంది. అక్కడివాళ్లంతా కలిసి తమకంటూ ఒక సిటీ ఏర్పాటు చేసుకోవాలనుకుంటున్నారు. అందుకు ఓటర్ల సంతకాలు కావాలి. తెలుగు ఇళ్ల బాధ్యత చిట్టి నెత్తిన వేసుకుంది. క్లబ్‌హౌస్‌లో భోజనాలు పెట్టి, ఒక్క మధ్యాహ్నంలో అన్ని సంతకాలూ తెచ్చి చప్పట్లు కొట్టించుకుంది. ఎన్నికల ఆఫీసు వాళ్లు వాటిని తిప్పి పంపారు.

ఎందుకంటారా? మనవాళ్ల సంగతి మీకు తెలియదా! ఇంటాయన తన సంతకం పెట్టి, అదే పెన్నుతో, అదే చేత్తో ఆవిడ సంతకం కూడా పెట్టేశాడు. ఇంటికొకటి చొప్పున అందరిదీ అదే వరస. పేర్లు మాత్రమే ఉన్న కొత్త కాగితాల మీద ఎవరి సంతకం వాళ్లే మళ్లీ పెట్టాలి, సోమవారం మధ్యాహ్నంలోగా కాగితాలు ఇవ్వాలి. "నువ్వు పక్కనుంటే ఎవరూ కాదనరక్కా" అని చిట్టి బతిమాలింది. ఊరి పేరు మాత్రం ఎక్కడా రాయనని నా చేత ఒట్టు వేయించుకుంది కాబట్టి రాయడం లేదు.

రైలు ప్రయాణం హాయిగా ఉంటుంది. మూడు గంటల పైచిలుకు, కాళ్లు చాపుకునేంత చోటు. టికెట్ ముందుగా కొనుక్కుంటే ముప్పై డాలర్లలోపే. నా పక్క సీట్లో రిటైరైన నల్లజాతి పోస్ట్‌మన్ ఒకాయన కూర్చున్నాడు. ఎక్కడికని అడిగితే సిటీ సంగతి చెప్పాను. ఆయన పగలబడి నవ్వాడు. "ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచాను మేడమ్. ఎన్నో కుక్కలు కరిచాయి. ఒక్కటి కూడా నువ్వు ఫలానా సిటీ గీత దాటావని కరవలేదు" అన్నాడు. నేనూ నవ్వి, డబ్బాలోంచి రెండు కారప్పొడి ఇడ్లీలు పెట్టాను. రెండోది తిన్నాక మంచినీళ్ల కోసం పరిగెత్తాడు పాపం.

పదింటికి షార్లెట్. రైలు స్టేషన్ ఒకచోట, బస్ స్టేషన్ ఇంకోచోట, కాబట్టి టాక్సీ తప్పదు. పదకొండుంబావుకి బస్సు. దారిలో ఒక పెట్రోల్ బంకు దగ్గర ఇరవై నిమిషాలు ఆపారు. ఆడవాళ్ల బాత్రూమ్ క్యూకే ఆ ఇరవై నిమిషాలూ సరిపోయాయి. వెళ్లేవాళ్లు ముందు క్యూలో నిలబడండి, కాఫీ సంగతి తర్వాత. నాలుగింటికి దిగేసరికి చిట్టి చేతులూపుతూ కనిపించింది.

ఆ రోజు సాయంత్రమే డైనింగ్ టేబుల్ మీద మ్యాప్ పరిచింది. గులాబీ రంగు గీత లోపల ఉన్నదంతా రాబోయే సిటీ. ఆ గీత నేరుగా కిందికి వచ్చి, నాలుగు వరసల రోడ్డు దగ్గర ఠక్కున పక్కకి తిరిగింది. అవతల ఉన్న అపార్ట్‌మెంట్లు, చిన్న ఇళ్లు, ఒక చర్చి బయటే ఉండిపోయాయి. ఆ చర్చి నాకు తెలుసు. నల్లవాళ్ల బాప్టిస్టు చర్చి. పొద్దున వాళ్ల ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి అదే హాల్లో మన తెలుగు ఆరాధన జరుగుతుంది.

"ఇదేంటే, మన చర్చి బయటుంది?"

"చర్చికి ట్యాక్స్ లేదుగా అక్కా. లోపలున్నా బయటున్నా ఒకటే."

"మరి డెలోరిస్?"

చిట్టి మ్యాప్ మడతలు సరిచేయసాగింది. డెలోరిస్ ఆ చర్చి తాళంచెవులు చూసుకునే పెద్దావిడ, ఆ అపార్ట్‌మెంట్లలోనే ఉంటుంది. చిట్టి కొత్తగా వచ్చి, ఆస్పత్రిలో ఉద్యోగంలో చేరి, కారు నడపడం రాక ఏడుస్తున్న రోజుల్లో ఆర్నెల్లు తన కారులో తీసుకెళ్లింది ఆవిడే. చిట్టి కూతురు నిస్సీ, డెలోరిస్ మనవరాలు రూబీ ఒకే క్లాసు. మెట్ల మీంచి నిస్సీ తొంగిచూసి, "పెద్దమ్మా, సిటీ వస్తే స్కూల్ కూడా వేరే. రూబీ అటు పోతుంది. అమ్మ చెప్పలేదా?" అంది.

పేపర్లలో గొడవ కూడా అదే. ఇదంతా తెల్లవాళ్లూ డబ్బున్నవాళ్లూ నల్లవాళ్లని బయట పెట్టి గీసుకున్న గీత అని ఒక వర్గం, అబ్బే, మా పన్నులు మా రోడ్లకీ మా పోలీసులకీ ఖర్చు కావాలన్నదే మా కోరిక అని ఇంకో వర్గం. మా మరిది ప్రభాకర్ రెండో వర్గం. "కలర్ గొడవ మనకెందుకు వదినా? మనమేమన్నా తెల్లగా ఉన్నామా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది.

మేం కృష్ణా జిల్లాలో ఒక ఊరి పేటలో పుట్టినవాళ్లం. ఊరు రోడ్డుకి ఇటు, మా పేట అటు. పంచాయతీ నీళ్ల గొట్టం రోడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. పద్నాలుగేళ్లు వచ్చేదాకా నేను బిందె మోశాను. మా నాన్న అర్జీ రాసి ఇంటింటికీ తిరిగాడు. నీళ్లు మోసేది ఆడవాళ్లు కాబట్టి ఆడవాళ్లే సంతకం పెట్టాలని పట్టుబట్టాడు. మా అమ్మ వారం రోజులు పలక మీద దిద్ది తన పేరు నేర్చుకుంది. చిట్టి మాకు కడగొట్టుది, అది పుట్టేసరికి గుమ్మంలో కుళాయి వచ్చేసింది. ఇదంతా ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పేశాను.

చిట్టికి రోషం వచ్చింది. "అదీ ఇదీ ఒకటేనా అక్కా? ఇక్కడ ఎవరి నీళ్లూ ఎవరూ ఆపడం లేదు. నువ్వు సాయం చేయడానికి వచ్చావా, సాక్ష్యం చెప్పడానికా?"

"సాయానికే వచ్చాను. రేపు ఎనిమిదింటికల్లా తయారుగా ఉండు" అన్నాను. మాటిచ్చి వచ్చాక వెనక్కి పోవడం నా వల్ల కాదు.

శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎనిమిది ఇళ్లు తిరిగాం. ప్రతి ఇంట్లో టీ, జంతికలు, సున్నుండలు. షుగర్ ఉన్నవాళ్లు ఇలాంటి ఉద్యమాల జోలికి పోవద్దు. మొదటి ఇంట్లోనే రభస అయింది. ఆ ఇంటాయన హుషారులో భార్యదే కాదు, విజిటర్ వీసా మీద వచ్చిన అత్తగారి సంతకం కూడా పెట్టేశాడు! ఆవిడకి ఇక్కడ ఓటెక్కడిది? ఆవిడ వంటింట్లోంచి గరిటెతో బయటికొచ్చి, "నేను సంతకం పెట్టానా? ఎక్కడ పెట్టాను? నా పొలం ఏమన్నా రాయించుకున్నారా ఏంటి?" అని అల్లుణ్ణి నిలదీసింది. ఆవిడ పేరు కొట్టేసి, పొలం క్షేమమని నమ్మించేసరికి అరగంట పట్టింది. ఆవిడ కూతురు, అదే ఆ ఇంటావిడ, మాత్రం మ్యాప్ అంతా చదివి, రోడ్డు గుంతల సంగతి నాలుగు మాటలు చెప్పి, సంతోషంగా తన సంతకం తను పెట్టింది.

నాలుగో ఇల్లు వరంగల్ దంపతులది. రాజశేఖర్ నవ్వుతూ కాగితం భార్య కరుణ ముందుకి జరిపాడు. "జల్దీ పెట్టు, ఆంటీవాళ్లు ఇంకా శానా ఇండ్లు తిరగాలె."

"నేను పెట్టను" అంది కరుణ.

"అదేంది? మొన్న పెట్టినం గద?"

"మొన్న నువ్వు పెట్టినవ్. నన్ను అడిగినవా? అడిగితే మొన్ననే చెప్పేదాన్ని. నేను రోడ్డవతల క్లినిక్‌ల పని చేస్తా. వాళ్ల పిల్లలని పక్కకు పెట్టి నా పిల్లలకి మంచి స్కూలా? నాకొద్దు."

రాజశేఖర్ ముఖం చూడాలి! పదిహేనేళ్ల కాపురంలో ఆవిడకి ఇన్ని అభిప్రాయాలున్నాయని ఆ రోజే తెలిసినట్టుంది. ఆయనే లేచి వెళ్లి ఆవిడకి టీ పెట్టుకొచ్చాడు.

సాయంత్రానికి లెక్క తేలింది. ఎనిమిది మంది ఆడవాళ్లలో ఐదుగురు పెట్టారు, ముగ్గురు పెట్టబోమన్నారు. పెట్టినవాళ్లూ ఊరికే పెట్టలేదు, కూర్చుని చదివి, వాదించి మరీ పెట్టారు. ఇంటికొచ్చి కాగితాలు సర్దుతుంటే, తిప్పి పంపిన పాత కాగితంలో మొదటి వరస నా కంట పడింది. చిట్టి పేరు. పక్కన సంతకం. కింద ప్రభాకర్ సంతకం. రెండిట్లోనూ చివర అదే తోక, అదే వంపు.

"చిట్టీ, ఇది నీ సంతకమేనా?"

చిట్టి కళ్లజోడు పెట్టుకుని చూసింది, మొగుడి వైపు తిరిగింది. ప్రభాకర్ బుర్ర గోక్కున్నాడు. "ఆ రోజు నువ్వు బిర్యానీ వడ్డిస్తున్నావ్ కదా. చేతులు ఖాళీ లేవని..."

చిట్టి నవ్వడం మొదలుపెట్టింది. సోఫాలో కూలబడి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఊళ్లోవాళ్లందరి చేతా సంతకాలు పెట్టించిన మనిషి, తను పెట్టనేలేదు! నవ్వి నవ్వి, ఉన్నట్టుండి ఆపేసింది. నేను పెన్ను అందించాను. "రేపు చూద్దాంలే" అని లేచి వెళ్లింది.

ఆదివారం పన్నెండున్నరకే చర్చికి వెళ్లాం. డెలోరిస్ హాలు తలుపు తీసి, కాఫీ కలిపి సిద్ధంగా ఉంచింది. ఎప్పుడూ అలాగే చేస్తుందట. చిట్టి బ్యాగులోంచి మ్యాప్ తీసి ఆవిడ ముందు పరిచింది. తను ఈ పని మీద తిరుగుతున్నానని చెప్పేసింది.

డెలోరిస్ మ్యాప్ చూడనైనా చూడలేదు. "హనీ, ఇది నాకు నాలుగు నెలల కిందటే తెలుసు. నువ్వెప్పుడు చెబుతావా అని చూస్తున్నాను" అంది.

"మీకు ఇందులో ఓటు లేదు కదా. అందుకే మిమ్మల్ని అడగలేదు."

"అందుకే కదా నన్ను అడగాల్సింది" అంది డెలోరిస్. అని, చిట్టి కప్పులో ఇంకాస్త కాఫీ పోసింది. "కోపమైతే ఉంది. బాగా ఉంది. కాఫీ తాగు, మీవాళ్లు వచ్చేస్తున్నారు."

ఆ రోజు ఆరాధనలో చిట్టి ఒక్క పాట కూడా పాడలేదు.

సోమవారం ఎనిమిదిన్నరకి నన్ను బస్ స్టేషన్‌లో దింపింది. అక్కణ్ణుంచి నేరుగా ఎన్నికల ఆఫీసుకి వెళ్తానంది. కాగితాలు వెనక సీట్లో కవర్లో ఉన్నాయి. అందులో సంతకం పెట్టావా లేదా అని నా నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. అడిగితే నా కోసం జవాబు చెబుతుంది, అది నాకు అక్కర్లేదు. దార్లోకి దద్దోజనం డబ్బా ఇచ్చి, "షార్లెట్ చేరాక ఫోన్ చెయ్యవే" అని నన్ను గట్టిగా పట్టుకుంది.

బస్సు గంట ఆలస్యం. షార్లెట్‌లో టాక్సీ అతను కబుర్ల రాయుడు, అయినా సాయంత్రం రైలు అందింది. సీట్లో కూర్చుని ఊపిరి పీల్చుకున్నానో లేదో చిట్టి ఫోన్.

"ఇచ్చేశానక్కా. పెట్టినవాళ్లవన్నీ ఇచ్చేశాను. వాళ్ల సంతకాలు వాళ్లవి, ఆపడానికి నేనెవర్ని?"

"ఊఁ."

"కౌంటర్‌లో అమ్మాయి ఒక్కో వరసా చూసింది. మీ పేరు దగ్గర ఖాళీగా ఉంది మేడమ్, మర్చిపోయారా, ఇక్కడే పెట్టేయండి అని పెన్ను కూడా ఇచ్చింది."

"నువ్వేమన్నావే?"

"మర్చిపోలేదమ్మా, అదే నా జవాబు అన్నాను. మా వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు. ఈయన మూతి ముడుచుకుని కూర్చున్నాడు. డెలోరిస్‌కి ఫోన్ చేసి చెబితే, తన కోపం ఇంకా పోలేదంది, ఆదివారం మాత్రం త్వరగా రమ్మంది. అక్కా, నాకు భయంగా ఉంది. హాయిగానూ ఉంది."

నాకు ఏడుపొచ్చింది. సిగ్గేముంది, రైల్లో అందరూ చూస్తుండగానే ఏడ్చాను, మధ్యలో నవ్వాను. ఎదురుగా ఉన్నావిడ కంగారుపడి టిష్యూ పేపరు అందించింది.

ఆ సిటీ పుడుతుందో లేదో నాకు తెలియదు. పుట్టినా ఆ ఊళ్లో మంచివాళ్లకి కొదవ లేదు, రోడ్లూ బాగుపడతాయేమో. వెళ్లాలనుకునేవాళ్లు వసంతంలో వెళ్లండి, చెట్లన్నీ పూలతో ఉంటాయి. చూడ్డానికి పెద్ద వింతలేమీ లేవు. కానీ ఎవరింట్లోనైనా కూర్చుని ఆ ఇంటావిణ్ణి "మీరేమంటారు?" అని ఒక్కసారి అడిగి చూడండి, పొద్దు ఎలా పోతుందో తెలియదు.

క్యారీలో దిగేసరికి మావారు ప్లాట్‌ఫారమ్ మీద ఉన్నారు. బ్యాగు అందుకుని, "ఇంతకీ ఏం చూసొచ్చావు అక్కడ?" అని అడిగారు.

"మా చెల్లెల్ని" అన్నాను.