రిపోర్టులో లేని పరీక్ష

మార్కాపురంలో నా గది కిటికీ తెరిస్తే చాలు, ఎదుటి గోడౌనులో పలకలను వేలితో కొట్టి చూసే చప్పుడు వినిపిస్తుంది. మంచి పలక ఖంగుమంటుంది, బీట పడినది బొంగురుగా పలుకుతుంది. ఆ చప్పుడు వింటే నాకు ఖాసిమన్న గుర్తుకొస్తాడు. నా మొదటి యజమాని. పలకల గోడౌను మీది రెండు గదుల్లో సాఫ్ట్‌వేర్ ఆఫీసు పెట్టి, ఊరంతా నవ్వినా లెక్కచేయని మొండిఘటం.

ఒక ఆసుపత్రికి రోగుల పేర్లు నమోదు చేసే సాఫ్ట్‌వేర్ తయారుచేశాం. ఆఫీసుకు అదే మొదటి పెద్ద పని. అది పోతే తాళం వేసుకోవడమే. అప్పగించాల్సిన రోజు పొద్దున, వేగాన్ని కొలిచే పరీక్షలు వాటంతటవే నడిచి రిపోర్టు ఇచ్చాయి. అంతా ఆకుపచ్చ రంగే! నేను సంబరంగా మిరపకాయ బజ్జీలు తెప్పించాను. ఖాసిమన్న వాటిని ముట్టలేదు.

"జనమంతా ఒక్కసారే వస్తే ఎట్లుంటదో చూసే పరీక్ష యాడబోయింది చెల్లెమ్మా?"

"అన్నీ పాసైనాయన్నా!"

"నేనడిగింది అది కాదు. దాని పేరేది ఇందులో?"

వెతికితే నిజంగానే లేదు. ఆ పరీక్ష మధ్యలోనే కుప్పకూలి ఫలితమే రాయలేదు. వచ్చిన ఫలితాలను మాత్రమే పోగుచేసే రిపోర్టుకు అలాంటి పరీక్ష ఒకటుందనే తెలియదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇప్పుడు చెప్తే పని పోతాదన్నా" అన్నాను.

"మా నాయన పగిలిన పలకలు వాకిట్లోనే పేర్చేటోడు. కొనేటోళ్లు ముందు ఆ కుప్పే చూసేటోళ్లు. కుప్ప లేకపోతే, పగిలినవి మంచివాటిలో కలిసినాయని అనుకునేటోళ్లు" అని, నా ముందే ఆసుపత్రి మేనేజరుకు ఫోన్ చేశాడు. "మేడం, ఒకటి పగిలింది. జనం ఎక్కువైతే ఆగిపోతాంది. వారం గడువియ్యండి."

నేను బజ్జీల పొట్లం పక్కకు నెట్టి, ఆవిడ మాట వినబడేలా ఫోనుకు దగ్గరగా జరిగాను.

"మీరే చెప్పినారు కాబట్టి సరే. బాగుచేసే తీసుకురండి" అందావిడ.

ఖాసిమన్న అప్పుడు చల్లారిన బజ్జీ కొరికి, "ఏందిది, ఉప్పే లేదు!" అని నన్నే కసిరాడు.

ఆ తర్వాత ఆఫీసులో కొత్త పద్ధతి వచ్చింది. పరీక్షలు మొదలవకముందే అన్నిటి పేర్లూ రిపోర్టులో ఎక్కాలి, ప్రతి పేరు ఎదుటా 'పగిలింది' అని ఉండాలి. గెలిచిన పరీక్షే ఆ మాటను చెరుపుకోవాలి. సాయంత్రం నేను ఇంటికి బయలుదేరుతుంటే ఖాసిమన్న, అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా, "ఈరోజు ఏం పగిలింది?" అని అడిగేవాడు.

ఇప్పుడాయన కంభంలో కూతురి దగ్గర హాయిగా ఉన్నాడు. నేను వేరే కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తున్నాను. పొద్దున్నే అన్ని పేర్లూ 'పగిలింది' అంటూ ఎర్రగా మొదలయ్యే నా రిపోర్టు చూసి కొత్తవాళ్లు హడలిపోతారు. హడలిపోనీ!

మా పాప బడి నుంచి రాగానే నేనూ అదే అడుగుతాను. నిన్న సంచి విసిరేసి, నోటినిండా మురుకులు కుక్కుకుని, "లెక్కల పరీక్ష పగిలిందమ్మా. భిన్నాలన్నీ తప్పే. కూర్చో, చూపిస్తా" అంది. దాని ముఖంలో భయమన్నదే లేదు.